పంపేవారు పరాయివారైనా చదివేవారు పౌరులే: అంతర్జాల ప్రచురణ, ప్రవాస స్వచ్ఛంద సేవ, పాఠకుని హక్కు

ప్రవేశిక

భారత రాజ్యాంగం 14వ అధికరణంలోనూ 21వ అధికరణంలోనూ ‘వ్యక్తి’ని గురించి మాట్లాడుతుంది. 19వ అధికరణానికి వచ్చేసరికి ‘పౌరుడు’ అంటుంది. వాక్ స్వాతంత్ర్యం, భావప్రకటన స్వాతంత్ర్యం ఈ రెండో మాట కిందనే ఉన్నాయి. అచ్చుపత్రికల కాలంలో ఈ తేడా తెలుగు సాహిత్య లోకానికి పెద్దగా తగల్లేదు. పత్రిక విజయవాడలోనో మద్రాసులోనో హైదరాబాదులోనో అచ్చయ్యేది. రచయిత, సంపాదకుడు, పాఠకుడు ముగ్గురూ ఒకే రాజ్యాంగం నీడన ఉండేవారు. ఆ ముగ్గురినీ వేర్వేరు దేశాల చట్టాల కిందికి విడదీసింది అంతర్జాలమే.

తెలుగు అంతర్జాల ప్రచురణ చరిత్రను ఒక కోణం నుంచి చూస్తే అది ప్రవాసుల సెలవుదినాల చరిత్ర. ఆంగ్ల మీటల మీద తెలుగు రాయడానికి ఆర్‌టీఎస్ పద్ధతి రూపొందింది అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో. 1998 అక్టోబరులో అమెరికా నుంచి ‘ఈమాట’ మొదలైంది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా ఆరంభమైంది. 2007లో కాలిఫోర్నియా నుంచి కిరణ్ ప్రభ సంపాదకత్వంలో ‘కౌముది’, 2013లో అఫ్సర్, కల్పనా రెంటాల తదితరుల పూనికతో ‘సారంగ’ వచ్చాయి. ఇదంతా ప్రధానంగా జీతం లేని పని. ఉద్యోగం ముగిశాక, పిల్లలు నిద్రపోయాక, శనివారాల్లో అచ్చుతప్పులు దిద్దుకుంటూ చేసిన పని. నేటి పరిశోధకుడు అంతర్జాలంలో వెతికి తెచ్చుకునే ఛందోవ్యాసంలోనో కథావిమర్శలోనో ఈ శ్రమ ఇమిడి ఉంది. దాని సాహిత్య విలువ గురించి వ్యాసాలు వచ్చాయి. దాని చట్టపరమైన స్థితి గురించిన చర్చ తెలుగులో బహు స్వల్పం.

అంతర్జాల ప్రచురణకర్తల హక్కును సమర్థించే వాదాలు సాధారణంగా ప్రచురణకర్త వైపు నుంచే సాగుతున్నాయి. ఆ ప్రచురణకర్త విదేశంలో ఉన్న స్వచ్ఛంద సేవకుడైనప్పుడు ఆ వాదం కాలు జారుతుంది. కారణం అతడు పౌరుడు కాకపోవచ్చు. అదే వాదాన్ని పాఠకుని వైపు నుంచి, అంటే సంగారెడ్డి జిల్లా అమీన్‌పూర్ పరిధిలోని కిష్టారెడ్డిపేటలో ఫోను తెరిచి చదివే మనిషి వైపు నుంచి, నిర్మిస్తే పునాది గట్టిపడుతుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఉదాహరణకు కిష్టారెడ్డిపేటనే తీసుకోవడానికి కారణం ముందుముందు తెలుస్తుంది.

ప్రమాణ స్వీకారానికి ముందు, తరువాత

విదేశంలో ఉన్నంత మాత్రాన భారత పౌరుడు 19వ అధికరణాన్ని పోగొట్టుకోడు. 1978 నాటి మేనకా గాంధీ కేసులో సుప్రీంకోర్టు ఈ హక్కుకు భౌగోళికమైన సరిహద్దు లేదని స్పష్టం చేసింది. కాబట్టి డాలస్‌లో వర్క్ వీసా మీద ఉంటూ తెలుగు పత్రికకు సంపాదకత్వం వహించే వ్యక్తికి తన ప్రభుత్వాన్ని విమర్శించే హక్కు చెక్కుచెదరదు. అయితే అతడు ఒక ఉదయం అమెరికా పౌరసత్వ ప్రమాణం చేసి ఇంటికి వస్తాడు. భారత చట్టం ద్వంద్వ పౌరసత్వాన్ని అంగీకరించదు. ఆ సాయంత్రం అతడు దిద్దే ప్రూఫు అదే, పత్రిక అదే, భాష అదే. 19వ అధికరణం మాత్రం అతనికి లేదు. విదేశీయులకు ఈ అధికరణం వర్తించదని 1955లో హాన్స్ ముల్లర్ కేసు నుంచే సుప్రీంకోర్టు చెబుతూ వస్తున్నది. సంస్థ పేరుతో వెళ్దామన్నా 1963 నాటి స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషన్ తీర్పు అడ్డు: నమోదిత సంస్థ పౌరుడు కాదు.

విదేశీ పౌరసత్వం తీసుకున్న తెలుగువారిలో చాలామంది ఓసీఐ కార్డుదారులు. ఈ కార్డు పేరులో పౌరసత్వం ఉంది, స్వభావంలో లేదు. 2021 మార్చి 4 నాటి కేంద్ర హోంశాఖ నోటిఫికేషన్ ప్రకారం ఓసీఐ కార్డుదారులు భారతదేశంలో పరిశోధన, పాత్రికేయ కార్యకలాపాలు చేపట్టాలంటే ప్రత్యేక అనుమతి పొందాలి. ‘పాత్రికేయ కార్యకలాపం’ అంటే ఏమిటో సామాన్య పాఠకుడికి తేలికగా బోధపడవచ్చు. కానీ సెలవుల్లో ఊరికి వచ్చిన సంపాదకుడు ఒక వృద్ధ కవిని ఇంటర్వ్యూ చేసి అంతర్జాల పత్రికలో వేస్తే అది పాత్రికేయమా, సాహిత్యమా, పరిశోధనా? పరిశోధన అన్నా అనుమతి కావాల్సిందే. స్వచ్ఛంద సేవకు ఆ నోటిఫికేషన్‌లో వేరే గడి లేదు.

కార్డు రద్దు అయ్యే అవకాశం ఇంకో ఒత్తిడి. స్వీడన్‌లో ఆచార్యుడైన అశోక్ స్వైన్ ఓసీఐ రద్దు ఉత్తర్వును ఢిల్లీ హైకోర్టు 2023లో కారణాలు చూపలేదన్న ఆధారంతో కొట్టివేసింది. ప్రభుత్వం మరల ఇచ్చిన రద్దు ఉత్తర్వునూ 2025లో తోసిపుచ్చింది. చివరికి న్యాయం దక్కింది, నిజమే. అయినా వేతనం లేని తెలుగు పత్రికా సంపాదకుడు ఢిల్లీలో ఏళ్ల తరబడి న్యాయవాదుల్ని పెట్టుకుని పోరాడగలడని ఎవరూ అనుకోరు. తల్లిదండ్రుల్ని చూడటానికి వీసా దొరుకుతుందో లేదోనన్న భయం ఏ సెన్సారు అధికారికన్నా సమర్థంగా పనిచేస్తుంది. ఆ భయం ఏ ఫైలులోనూ నమోదు కాదు. వెయ్యకుండా పక్కనపెట్టిన వ్యాసం మాత్రమే దానికి సాక్ష్యం.

తెలుగు నేల మీద ఈ భయానికి ఆధారాలు ఊహాజనితాలు కావు. న్యాయమూర్తుల మీద సామాజిక మాధ్యమాల్లో వచ్చిన అనుచిత వ్యాఖ్యలపై ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2020 అక్టోబరులో సీబీఐ దర్యాప్తుకు ఆదేశించింది. మరుసటి ఏడు ఆ దర్యాప్తు విదేశాల్లో ఉన్న తెలుగువారి వివరాల కోసం ఇంటర్‌పోల్ నీలి నోటీసుల దాకా వెళ్లింది. 2023 డిసెంబరులో, మరో కేసులో, అమెరికాలో ఉంటూ అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాన్ని విమర్శించే ఒక ప్రవాసిని శంషాబాద్ విమానాశ్రయంలో సీఐడీ పోలీసులు అదుపులోకి తీసుకుని, నోటీసు ఇచ్చి విడిచిపెట్టారు. ప్రభుత్వం మారాక, 2024 చివరలో, అరెస్టయినవారు అవతలి పక్షం కార్యకర్తలు. ఈ ఉదంతాల్లోని వ్యాఖ్యలన్నీ సంస్కారవంతమైనవని చెప్పడం సాధ్యం కాదు. కొన్ని నిజంగా బూతులే. అయినా విమానాశ్రయాన్ని విచారణ గదిగా మార్చే పద్ధతి బూతునూ విమర్శనూ వేరుచేసి చూడదు. ఏ పక్షం అధికారంలో ఉన్నా చూడలేదు.

ఇక 2025 సెప్టెంబరు 24న కర్ణాటక హైకోర్టు ఎక్స్ కార్పొరేషన్ కేసులో ఇచ్చిన తీర్పు. సమాచారాన్ని తొలగించమని ప్రభుత్వ సంస్థలు ‘సహయోగ్’ పోర్టల్ ద్వారా ఇచ్చే ఆదేశాలను ఆ సంస్థ సవాలు చేయగా, 19వ అధికరణం పౌరులకు చెందినదనీ విదేశీ సంస్థ దాని గొడుగు కిందికి రాలేదనీ న్యాయస్థానం పిటిషనును కొట్టివేసింది. సూత్రరీత్యా కొత్త విషయం కాదు; 1955 నుంచి ఉన్నదే. కానీ కోట్లాది భారతీయులు చదివే వేదిక విషయంలో ఆ సూత్రాన్ని వర్తింపజేసినప్పుడు ఒక విచిత్రం బయటపడింది. ఆ తీర్పులో మాట్లాడేవాడి జాతీయత ప్రశ్న అయింది. వినేవాడి జాతీయత ప్రశ్నే కాలేదు.

ఒక నిర్వచనం మీద విమర్శ

2021 ఫిబ్రవరి 25న వెలువడిన సమాచార సాంకేతిక నిబంధనల మూడో భాగం అంతర్జాల వార్తా ప్రచురణకర్తలకు నీతి నియమావళినీ మూడంచెల ఫిర్యాదుల వ్యవస్థనూ ఏర్పరిచింది. న్యాయశాస్త్ర వ్యాఖ్యాతలు దీన్ని అధికార పరిధి దృష్ట్యా చర్చించారు. సాహిత్య విద్యార్థికి ఇందులో ఆసక్తి కలిగించేవి నిర్వచనాలు. శబ్దార్థ విచారం చేయడం అతని వృత్తి కదా.

మొదటిది ‘వార్తలు, వర్తమాన వ్యవహారాల విషయం’. నిబంధనల ప్రకారం కొత్తగా అందిన లేదా గమనించదగిన విషయం, దాని విశ్లేషణతో సహా, ముఖ్యంగా సామాజిక-రాజకీయ, ఆర్థిక, సాంస్కృతిక స్వభావం గల ఇటీవలి సంఘటనల గురించినది ఈ పేరు కిందికి వస్తుంది. ఇప్పుడు ఒక కొత్త కవితాసంపుటి ఆవిష్కరణ జరిగిందనుకుందాం. అది ఇటీవలి సంఘటన. సాంస్కృతిక స్వభావం కలది. దానిపై సమీక్ష విశ్లేషణే. నిర్వచనాన్ని అక్షరాలా చదివితే పుస్తక సమీక్ష వర్తమాన వ్యవహారం. ఈ నిబంధనలు రాసినవారి మనసులో వార్తా పోర్టళ్లే ఉన్నాయని ఎవరికైనా తెలుసు. అయినా చట్టం చదవాల్సింది రాసినవారి మనసును కాదు, రాసిన మాటను.

రెండోది మరింత పదునైనది. ఈ భాగం భారత భూభాగంలో పనిచేసే ప్రచురణకర్తలకూ, భారతదేశంలో తమ విషయాన్ని అందుబాటులో ఉంచే క్రమబద్ధ వ్యాపార కార్యకలాపం చేసేవారికీ వర్తిస్తుంది. ‘వ్యాపార’ అన్న మాట ఉంది గనుక జీతం, ప్రకటన, చందా ఏవీ లేని ప్రవాస పత్రిక బయటపడిందని ఊపిరి పీల్చుకోవచ్చు. అయితే కిందనే ఇచ్చిన వివరణ ‘క్రమబద్ధ కార్యకలాపం’ అంటే ప్రణాళిక, పద్ధతి, కొనసాగింపు లేదా పట్టుదల గల ఏ వ్యవస్థీకృత కార్యకలాపమైనా అంటుంది. మూలంలో ఉన్న ‘వ్యాపారం’ వివరణలో జారిపోయింది. మిగిలినవన్నీ మంచి పత్రికకు లక్షణాలు! రెండు దశాబ్దాలు దాటి తెరిపి లేకుండా వెలువడుతూ, రచనల్ని పరిశీలకులకు పంపి, దిద్దించి, పాత సంచికల్ని భద్రపరిచిన పత్రికలో ప్రణాళిక ఉంది, పద్ధతి ఉంది, కొనసాగింపు ఉంది, పట్టుదల మరీ ఉంది. నాలుగు సంచికలు తెచ్చి ఆపేసిన పత్రికకు ఏ చిక్కూ లేదు. నిలకడే ఇక్కడ బాధ్యతకు హేతువైంది.

విద్యా పత్రికల సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. 2024 మార్చి 1 నుంచి అమలులోకి వచ్చిన పత్రికలు, నియతకాలికల నమోదు చట్టం శాస్త్రీయ, సాంకేతిక, విద్యా పత్రికలను నియతకాలిక నిర్వచనం నుంచి మినహాయించింది. అది అచ్చు పత్రికల చట్టం. అంతర్జాల నిబంధనల్లో అటువంటి స్పష్టమైన మినహాయింపు కనిపించదు. ఒకే పరిశోధన వ్యాసం కాగితం మీద ఒక హోదాలోనూ తెర మీద మరొక హోదాలోనూ ఉన్నదన్నమాట.

నీతి నియమావళిని పాటించాలన్న 9వ నిబంధనలోని కీలకమైన ఉపనిబంధనలను బొంబాయి హైకోర్టు 2021 ఆగస్టు 14న నిలిపివేసింది. అస్పష్టత, మూల చట్టం ఇచ్చిన అధికారాన్ని మించిపోవడం ఆ న్యాయస్థానాన్ని కదిలించిన అంశాలు. అయితే అత్యవసర నిరోధానికి సంబంధించిన అధికారం వేరే నిబంధనలో ఉంది. నిజమైన శక్తి ఉన్నది అక్కడే.

కిష్టారెడ్డిపేటలో చదివే మనిషి

కిష్టారెడ్డిపేట పటాన్‌చెరు, బొల్లారం, కాజీపల్లి పారిశ్రామిక వాడలకు దగ్గరలోని ఊరు. ఒకప్పుడు మెదక్ జిల్లా. 2016 అక్టోబరు 11 నుంచి సంగారెడ్డి జిల్లా. పొలాల స్థానంలో అపార్టుమెంట్లు లేచాయి. ఇక్కడ అద్దెకుండేవారిలో మందుల కర్మాగారాల రసాయన నిపుణులు, షిఫ్టు కార్మికులు, ప్రైవేటు కళాశాలల అధ్యాపకులు ఉంటారు. భావప్రకటన స్వేచ్ఛ గురించిన చర్చలో ఈ ఊరికి చోటు ఉండాల్సిన కారణం అక్కడి నీళ్లు.

పటాన్‌చెరు ప్రాంతపు పారిశ్రామిక కాలుష్యంపై 1990లోనే సుప్రీంకోర్టులో వ్యాజ్యం దాఖలైంది. అది చివరకు జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు చేరింది. స్థానికంగా డాక్టర్ అల్లాని కిషన్‌రావు వంటివారు దశాబ్దాల పాటు ఈ విషయాన్ని మోశారు. కానీ ఆ నీళ్లలో ఉన్నదేమిటో ప్రపంచానికి అంకెల్లో తెలిసింది 2007లో, స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన యోకిమ్ లార్సన్ బృందం ప్రచురించిన పరిశోధన పత్రంతో. సుమారు 90 ఔషధ పరిశ్రమల వ్యర్థజలాన్ని శుద్ధి చేసే పటాన్‌చెరు కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిలో సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు కనిపించింది. శుద్ధి చేసిన తరువాతి మాట ఇది. ఆ నీరు కలిసే ఇసుకవాగు, నక్కవాగు మంజీరకు దారితీసే వాగులు. తమ ఇంటి పక్క వాగు గురించి ఇక్కడివారికి అంతవరకు తెలియని నిజం ఉత్తర ఐరోపా నుంచి, విదేశీ పత్రికలో, విదేశీ భాషలో వచ్చింది.

లార్సన్‌కు 19వ అధికరణం వర్తించదు. ఆ పత్రిక ప్రచురణ సంస్థకూ వర్తించదు. రేపు ఆ వ్యాసం భారతదేశంలో తెరుచుకోకుండా ఎవరైనా ఆదేశిస్తే వారిద్దరూ రాజ్యాంగం పేరున ప్రశ్నించలేరు. ఆ ఫలితాలను ఒక ప్రవాస తెలుగు రసాయన శాస్త్రవేత్త తేట తెలుగులోకి తెచ్చి అంతర్జాల పత్రికలో వేశాడనుకుంటే, అతడు అప్పటికి పౌరసత్వం మార్చుకుని ఉంటే, అతనిదీ అదే స్థితి. మాట్లాడినవారిలో ఎవరికీ హక్కు లేదు. నష్టం మాత్రం వాగు ఒడ్డున ఉన్నవాడిది.

2025 జూన్ 30న పాశమైలారంలోని సిగాచి పరిశ్రమలో పేలుడు సంభవించి 50 మందికి పైగా మరణించినప్పుడు సమాచారం ఎంత విలువైనదో ఈ ప్రాంతం మళ్లీ చూసింది. మృతుల, గల్లంతైనవారి సంఖ్య రోజుల తరబడి మారుతూ వచ్చింది. బాధిత కుటుంబాల్లో అధికభాగం ఇతర రాష్ట్రాలవి. అటువంటి సమయంలో అడిగే ప్రశ్న నేరమైపోతే ఎలా ఉంటుందో విశాఖపట్నం అనుభవం చెబుతుంది. 2020 మే 7 నాటి ఎల్‌జీ పాలిమర్స్ దుర్ఘటన తరువాత ప్రభుత్వాన్ని ప్రశ్నిస్తూ ఫేస్‌బుక్‌లో పోస్టు పెట్టిన గుంటూరుకు చెందిన ఒక వృద్ధురాలికి సీఐడీ నోటీసు అందింది. ఆమె పౌరురాలే, 19వ అధికరణం ఆమెకు పూర్తిగా వర్తిస్తుంది. అయినా నోటీసు వచ్చింది. పౌరసత్వం ఉన్నవారికే ఇంత కష్టమైతే లేనివారి గొంతును కాపాడటానికి వారి తరఫున వేరే హక్కుదారుడు కావాలి.

ఆ హక్కుదారుడు ఈ జిల్లా చరిత్రకు కొత్తవాడు కాడు. 1930 మార్చిలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదటి నిజాం రాష్ట్ర ఆంధ్రమహాసభ జరిగిన జోగిపేట నేటి సంగారెడ్డి జిల్లాలోనిదే. ఆ సభ వెనుక ఉన్నది గ్రంథాలయోద్యమం. 1901లో హైదరాబాదులో వెలసిన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం మొదలుకొని ఆ ఉద్యమం కోరింది ప్రధానంగా చదువుకునే అవకాశాన్ని. సభలకు ముందస్తు అనుమతి తప్పనిసరి చేసిన గస్తీ నిషాన్ 53 రోజుల్లో, తెలుగు పత్రిక తెప్పించుకుని పదిమందికి చదివి వినిపించడమే రాజకీయ చర్య. ఆ పత్రికల్లో కొన్ని నిజాం రాజ్యానికి ‘బయటివి’. బ్రిటిషు ఇండియాలో అచ్చయినవి. బయట అచ్చయిన మాటను లోపలివాడు చదవవచ్చునా అన్న ప్రశ్నకు జోగిపేటకు నడిచివచ్చినవారు తమదైన జవాబు ఇచ్చారు. రాజ్యాంగం అప్పటికి ఇరవై యేళ్ల దూరంలో ఉంది.

పాఠకుడు పిటిషనరు అయినప్పుడు

పాఠకుని హక్కు భారత న్యాయశాస్త్రంలో లేనిది కాదు, వాడుకలో మరుగునపడినది. 1962 నాటి సకాల్ పేపర్స్ కేసు పత్రిక పుటల సంఖ్యకూ ధరకూ ముడిపెట్టిన ప్రభుత్వ ఉత్తర్వును కొట్టివేసిన తీర్పుగా ప్రసిద్ధం. ఆ మరాఠీ పత్రిక యాజమాన్యంతోపాటు ఇద్దరు పాఠకులు కూడా తమ 19వ అధికరణ హక్కు పేరున సుప్రీంకోర్టుకు వెళ్లారన్న సంగతి పాఠ్యపుస్తకాల్లో అరుదుగా కనిపిస్తుంది. పుటలు తగ్గితే తమకు అందే వార్త తగ్గుతుందన్నది వారి గోడు.

1995లో క్రికెట్ అసోసియేషన్ ఆఫ్ బెంగాల్ కేసులో ఈ ధోరణి పరిపక్వమైంది. వాయుతరంగాలు ప్రజల ఆస్తి అన్న ఆ తీర్పులో విడిగా విస్తృతమైన అభిప్రాయం రాసిన న్యాయమూర్తి బి.పి. జీవన్‌రెడ్డి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి ఎదిగిన తెలుగువారు. సమాచారం పొందే హక్కు భావప్రకటన హక్కులో అంతర్భాగమనీ, వీక్షకుల, శ్రోతల ప్రయోజనం ప్రసారకర్త ప్రయోజనం కన్నా మిన్న అనీ ఆ తీర్పు సారాంశం. 1994 నాటి రాజగోపాల్ కేసులో ప్రచురణకు ముందే ప్రభుత్వం నిషేధం విధించజాలదన్నదీ ఆయనే. తెలుగు న్యాయమూర్తుల పాత్ర అక్కడితో ఆగలేదు: 2015 మార్చి 24న 66ఎ సెక్షన్‌ను రద్దు చేసిన శ్రేయా సింఘాల్ ధర్మాసనంలో జాస్తి చలమేశ్వర్ ఉన్నారు, అంతర్జాలంలో భావప్రకటనకు రాజ్యాంగ రక్షణ ఉన్నదని 2020 జనవరి 10న అనూరాధా భసీన్ కేసులో ప్రకటించిన తీర్పు ఎన్.వి. రమణ రాసినది. తెలుగు విశ్వవిద్యాలయాల్లో న్యాయ, సాహిత్య శాఖలు కలిసి ఈ పరంపరను ఒక పాఠ్యాంశంగా చేర్చకపోవడం లోటే.

పరాయి దేశపు ఉదాహరణల్లో అత్యంత సన్నిహితమైనది 1965 నాటి లామాంట్ కేసు. విదేశాల నుంచి తపాలాలో వచ్చే కమ్యూనిస్టు ప్రచార సాహిత్యాన్ని అమెరికా తపాలా శాఖ ఆపివేసి, కావాలని కార్డు రాసి అడిగినవారికే ఇచ్చేది. పంపినవారు విదేశీయులు. అమెరికా సుప్రీంకోర్టు పంపినవారి హక్కు జోలికి పోలేదు. అందుకోవాల్సిన పౌరుడు అడిగి తీసుకోవాల్సి రావడమే అతని హక్కుకు భంగమని ఆ చట్టాన్ని ఏకగ్రీవంగా కొట్టివేసింది. కర్ణాటక తీర్పులో లేని మెట్టు ఇదే. విదేశీ సంస్థకు 19వ అధికరణం లేదన్న మాట అక్షరాలా సరైనదే కావచ్చు. కానీ న్యాయస్థానం ముందున్న ఆదేశం ఆ సంస్థ నోటితోపాటు కిష్టారెడ్డిపేట పౌరుని చెవినీ మూస్తుందా లేదా అన్నది వేరే ప్రశ్న. మొదటిదానికి జవాబు దొరికినంత మాత్రాన రెండోదానికి దొరికినట్టు కాదు.

వికీమీడియా వ్యవహారం ఈ దారి మూసుకుపోలేదని సూచిస్తుంది. ఏఎన్ఐ వార్తాసంస్థ వేసిన పరువునష్టం దావా గురించి స్వచ్ఛంద సంపాదకులు రాసిన వికీపీడియా పుటను తొలగించాలని ఢిల్లీ హైకోర్టు 2024 అక్టోబరులో ఆదేశించింది. సుప్రీంకోర్టు 2025 మే 9న ఆ ఆదేశాన్ని రద్దు చేసింది. న్యాయమూర్తులు అభయ్ ఓకా, ఉజ్జల్ భుయాన్; రెండోవారు అంతకుముందు తెలంగాణ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి. న్యాయస్థానాల్లో ఉన్న విషయాలపైనా ప్రజలు చర్చించుకోగలగాలన్నది తీర్పు సరళి. అప్పీలుదారు అమెరికా సంస్థ, పుట రాసినవారు ఎవరో ఏ దేశస్థులో తెలియదు. అయినా తీర్పు వారి జాతీయత దగ్గర ఆగలేదు. చర్చ జరగాల్సిన సమాజాన్ని చూసింది.

పేరులేని రచయిత, కనిపించని ఉత్తర్వు

పాఠకుని హక్కు అన్న పునాదికి రెండు బలహీనతలున్నాయి. వాటిని దాచడం విమర్శ లక్షణం కాదు.

ఒకటి, అది రచన చేరడాన్ని కాపాడుతుంది గాని రచయితను కాపాడదు. అదే వికీమీడియా దావాలో ముగ్గురు సంపాదకుల వివరాలు వెల్లడించమన్న ఆదేశం వచ్చింది. తరువాత వారి గుర్తింపు బయటపడకుండా సమన్లు అందజేసే ఏర్పాటు కుదిరింది. స్వచ్ఛంద సేవకుడికి మారుపేరు విలాసం కాదు. తెలుగు సంప్రదాయానికీ ఇది పరాయిది కాదు. రాజును, దాతను, లోభిని ఎత్తిపొడిచిన చాటువులు ఎవరివో తేల్చడం వేటూరి ప్రభాకరశాస్త్రి వంటి సంకలనకర్తలకే కష్టమైంది. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ 1998లో వెలువరించిన చాటు అధ్యయనం ఈ సాహిత్యం ఒక సమాజపు సంభాషణగా బతికిందని చూపుతుంది. చాటువుకు కర్త ఎవరో తెలియకపోయినా శ్రోతలు ఉన్నారు; వారి ధారణలోనే అది క్షేమంగా ఉంది. సర్వరుకు ఆ సౌకర్యం లేదు. అది ప్రతి మాట పక్కనా ఒక చిరునామా రాసిపెట్టుకుంటుంది.

ఈ విషయంలో తెలంగాణ హైకోర్టు కొంత మేలు చేసింది. పాలక పక్షాన్ని విమర్శించిన పోస్టులపై నమోదైన కేసులను 2025 సెప్టెంబరు 10న కొట్టివేస్తూ న్యాయమూర్తి ఎన్. తుకారాంజీ పోలీసులకు మార్గదర్శకాలు ఇచ్చారు. ఫిర్యాదుదారుకు అర్హత ఉన్నదా అని చూడటం, ప్రాథమిక విచారణ జరపడం, రాజకీయ విమర్శ విషయంలో హింసకు ప్రేరేపణ వంటి తీవ్రత ఉంటేనే కేసు పెట్టడం, పరువునష్టాన్ని నేరుగా నమోదు చేయకుండా మేజిస్ట్రేటు దగ్గరికి పంపడం వాటిలో ఉన్నాయి. అదే ఏడు మార్చి 28న ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కేసులో, ఒక కవితతో కూడిన వీడియో విషయంలో, సుప్రీంకోర్టు అనుసరించిన దృష్టికి ఇది పొడిగింపు. ఈ మార్గదర్శకాలు పౌరసత్వాన్ని బట్టి కాక పోలీసుల విధిని బట్టి రాసినవి. అందువల్ల వాటి ప్రయోజనం సూత్రరీత్యా ప్రవాసికీ అందుతుంది. ఆచరణలో పటాన్‌చెరు ఠాణా బల్ల దగ్గర ఏమవుతుందన్నది వేరే పరిశోధనాంశం, క్షేత్రపరిశీలన చేయదగినది.

రెండో బలహీనత మరింత లోతైనది. తన దగ్గరికి రాకుండా ఆగిపోయింది ఏమిటో పాఠకుడికి తెలియాలి కదా! 69ఎ సెక్షన్ కింద 2009లో చేసిన నిరోధ నిబంధనల్లో 16వది ఫిర్యాదులనూ వాటిపై తీసుకున్న చర్యలనూ గోప్యంగా ఉంచమంటుంది. శ్రేయా సింఘాల్ తీర్పు ఈ సెక్షన్‌ను నిలబెడుతూ, కారణాలు లిఖితపూర్వకంగా ఉంటాయి గనుక వాటిని హైకోర్టులో సవాలు చేయవచ్చునన్నది. రాసిన కారణం పెట్టెలో ఉంటే సవాలు చేసేదెవరు? సకాల్ పాఠకులకు తమ పత్రిక పుటలు తగ్గుతాయని తెలుసు, ఉత్తర్వు బహిరంగం. కిష్టారెడ్డిపేట పాఠకుడికి కనిపించేది తెరుచుకోని పుట మాత్రమే. సర్వరు చెడిందో, ప్రవాస సంపాదకుడు అద్దె కట్టలేక ఆపేశాడో, ప్రభుత్వం ఆపిందో అతనికి తెలిసే మార్గం లేదు.

అనూరాధా భసీన్ తీర్పు ఒక ప్రాంతంలో అంతర్జాలాన్ని మొత్తంగా నిలిపివేసే ఉత్తర్వులను తప్పనిసరిగా ప్రచురించాలని ఆదేశించింది. బాధితులు సవాలు చేయడానికి వీలుండాలన్నదే అందుకు చూపిన హేతువు. కాబట్టి నేటి స్థితిలో సంగారెడ్డి జిల్లా అంతటికీ అంతర్జాలం ఆపితే ఆ ఉత్తర్వు ప్రతిని పౌరుడు అడిగి చదవవచ్చు. ఒక్క తెలుగు పత్రికను మాత్రమే ఆపితే ఆ ఉత్తర్వు రహస్యం.